మొదటి గుక్క

హోటల్లో వైన్ వడ్డించే పెద్దాయన, ఏళ్ల తరబడి నిల్వ ఉన్న ఫ్రెంచి ఎర్ర వైన్‌ని, అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా కొవ్వొత్తి వెలుగులో చూసుకుంటూ గాజు కూజాలోకి వంచుతాడు. బిరడా వాసన చూసి మెల్లగా తల ఊపుతాడు. నిజానికి కిందటేడు జ్వరమొచ్చినప్పటి నుంచి ఆయనకి ఏ వాసనా తెలియదు. బయటపడితే ఉద్యోగం ఊడుతుందని, మొదటి గుక్క తాగినవాళ్ల ముఖం చూసి వైన్ సంగతి పసిగడతాడు. కనుబొమ్మ ముడిపడిందా, వాళ్లు నోరు తెరవకముందే సీసా మార్చేస్తాడు.

నిన్న ఒక ముసలావిడ గ్లాసు తిరిగి ఆయనకే ఇచ్చింది. "నాకు జలుబు బాబూ, రుచీ పచీ తెలిసి చావడం లేదు. నువ్వే చూసి చెప్పు." వెనకే యజమాని నిలబడి ఉన్నాడు. పెద్దాయన గ్లాసు ముక్కు దాకా తీసుకెళ్లి, కాసేపు అలాగే పట్టుకుని, వెనక్కి తిరిగి యజమాని చేతిలో పెట్టాడు. "మీరు చూడండి సార్. నాకు ఏడాది నుంచీ జలుబే." "సరిపోయాం ఇద్దరం!" అని ముసలావిడ పకపకా నవ్వింది. యజమాని నవ్వలేదు.