డాక్టరు తాగని గ్లాసు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మందంటే కల్వంలో నూరేదే. నల్లగొండ పల్లె విడిచి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇంటికి వచ్చినా నాయనమ్మ ఆ రాతి కల్వాన్ని విడవలేదు. దగ్గొస్తే అడ్డసరం ఆకు నూరి, తేనెలో కలిపి నాకించేది.

మా చిన్నాయన ఒక మందుల కంపెనీ పరిశోధనశాలలో పనిచేసేవాడు. మొదట్లో ఆకుల నుంచి మందు సారం తీసే పని. తర్వాత, బిళ్ళలోని మందు ఒక్కసారిగా కాక రోజంతా కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగేలా చేసే పని. నాయనమ్మకు ఆయాసం ముదిరిన వారం ఆయన ఊళ్లో లేడు.

వీధి చివరి డాక్టరు ఆమెకు పెద్ద బిళ్ళలు ఇచ్చాడు. గొంతు దిగవని ఆమె అంటే, తల కూడా ఎత్తకుండా, "ఆకు నూరుతవు గదా, గట్లనే నూరి మింగు" అన్నాడు. నేను ఆమె కొంగు పట్టుకుని అక్కడే ఉన్నాను.

మరునాడు పొద్దున ఆమె బిళ్ళ నూరి తేనెతో తీసుకుంది. మధ్యాహ్నానికి గుండెదడ, వాంతులు, ఆపైన ఫిట్స్. దవాఖానకు చేరేలోపే పోయింది. వయసు అయిపోయిందని డాక్టరు మా నాయనతో చెప్పాడు.

చిన్నాయన వచ్చి కల్వంలో ఎండిన తెల్లటి పొడి చూశాడు. నేను విన్నదంతా చెప్పాను. రోజంతా దిగాల్సిన మందు ఒక్కసారే దిగిందని ఆయన నాకు అర్థమయ్యేలా చెప్పాడు. నా జేబులో రాయి ఉంది, క్లినిక్ అద్దం కోసం. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టాడు. "అద్దం పగిలితే కొత్తది పెట్టుకుంటడు. జర ఆగు."

దినాలయ్యాక ఒక సాయంత్రం, క్లినిక్ నిండా జనం ఉన్న వేళ, నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. డాక్టరు ముందున్న బల్ల మీద చిన్నాయన రెండు గ్లాసుల నీళ్లు పెట్టాడు. నాయనమ్మవి మిగిలిన బిళ్ళల్లో ఒకటి అట్లాగే ఒక గ్లాసులో వేశాడు, ఇంకొకటి నూరి రెండోదాంట్లో కలిపాడు. మొదటి గ్లాసులో నీళ్లు తేటగానే ఉన్నాయి. రెండోది తెల్లబడింది. దాన్ని డాక్టరు ముందుకు జరిపాడు.

"తాగుండ్రి డాక్టర్ సాబ్. మా అమ్మ గిదే మింగింది."

"నీకేమన్న పిచ్చా? బయటికి నడువు."

"మీరు తాగుండ్రి, నేను పోత."

డాక్టరు చెయ్యి గ్లాసు దాకా రాలేదు. అందరూ ఆ చేతినే చూస్తున్నారు. కోస్తా నుంచి వచ్చిన ఒకావిడ సంచిలోంచి మందులు బయటికి తీసింది. "మా ఆయనకిచ్చినవి కూడా నూరమన్నారు కదండీ?"

చిన్నాయన గ్లాసులు అక్కడే వదిలి బయటికొచ్చాడు. నాకు చాలలేదు. గంతేనా, కొట్టవా అని అడిగాను.

"రేపటి సంది రోజూ కొడ్తరు తియ్," అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్లూ డాక్టరును, ఇది నూరొచ్చా అనే అడిగేవారు. బడి నుంచి వస్తూ నేను కిటికీ కింద నిలబడి వినేవాణ్ణి. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నా కడుపు చల్లబడేది. చివరికి ఆయన బోర్డు దించి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను అన్నం ఎక్కువ తిన్నాను.

మొన్నామధ్య చిన్నాయన కూడా పోయాడు. ఇప్పుడు బీపీ బిళ్ళల కోసం ఎల్బీనగర్‌లో నేనే డాక్టరు ముందు కూర్చుంటున్నాను. బిళ్ళ మింగడం నాకేమీ కష్టం కాదు. అయినా ప్రతిసారీ, వెనుక కూర్చున్నవాళ్లకు వినబడేలా, ఇది నూరొచ్చా అని అడుగుతాను. మనవరాలు సిగ్గుతో "పోదాం పా తాతా" అని చొక్కా లాగుతుంది. డాక్టరు తల ఎత్తి, నా మొహం చూసి జవాబు చెప్పేదాకా నేను లేవను.