షమీమ్ నానీ నలభై ఇళ్లు

మా నానీ, అంటే మా అమ్మమ్మ షమీమ్, సూది చేత పట్టుకుని పులికాట్ గట్టున నిలబడితే, సరస్సులో చేపలు కూడా వరుసకట్టి ఒళ్లు పక్కకు తిప్పి చూపిస్తాయి. అనుమానముంటే దొరవారిసత్రం మండలంలో ఎవరినైనా అడగండి. ముప్ఫై ఏళ్ల నర్సు ఉద్యోగంలో ఆమె టీకా తప్పించుకున్నవాడు లేడు. ఒకడు తాటిచెట్టు ఎక్కితే, ఆమె కింద కుర్చీ వేయించుకుని, వాడు దిగి సూది పొడిపించుకున్నాకే మధ్యాహ్నం అన్నం తిన్నదట.

అలాంటి మనిషి యాభై నాలుగో ఏట చదువుకు బయల్దేరింది. ఉద్యోగం చేస్తూనే నర్సింగ్ డిగ్రీ ఎప్పుడో లాగించింది. ఇప్పుడు ఏడాది సెలవు పెట్టి, నెల్లూరులో ప్రజారోగ్య నర్సింగ్ పీజీ డిప్లొమాలో చేరింది. పాసైతే కొత్త నర్సులకు పాఠాలు చెప్పే పోస్టు వస్తుంది. ఆ కుర్చీ మీద ఆమెకు పదేళ్లుగా కన్ను. తప్పితే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. సెలవు మీద వచ్చినవాళ్లకు రెండో అవకాశం లేదని కాలేజీవాళ్లు మొదటిరోజే చెప్పేశారు.

క్లాసులో అందరూ ఆమె కూతురికంటే చిన్నవాళ్లు. ఆమె లోపలికి అడుగుపెడితే లెక్చరర్ అనుకుని లేచి నిలబడేవాళ్లు. ఆమె హుందాగా "కూర్చోండి" అనేదే గాని, తానూ వాళ్లతోపాటు చదవడానికే వచ్చానని వారం దాకా నోరు విప్పలేదు.

చివర్లో ఫీల్డు పరీక్ష. ఒక ఊళ్లో నలభై ఇళ్లు తిరిగి, ఇంటికొక ఫైలు తయారుచేయాలి. ఏం నీళ్లు తాగుతారు, మరుగుదొడ్డి వాడతారా, ఎవరికి బీపీ, ఎవరికి షుగరు, ఇలా ఎన్నో. తోటి పిల్లలు గొడుగులేసుకుని ఎండలో తిరుగుతుంటే, నానీ తాను పనిచేసిన ఊరినే ఎంచుకుని, ఇంట్లో ఫ్యాను కింద చాప పరుచుకుంది.

"ఊరికి పోవా నానీ?"

"ఆ ఇళ్లల్లో ఏ పిల్లోడికి ఎన్ని పళ్లు ఊడినాయో కూడా నాకు తెలుసురా. పోయి కొత్తగా చూసేదేముంది?"

రెండు రోజుల్లో నలభై ఫైళ్లూ పూర్తి. అన్నింట్లోనూ కాచిన నీళ్లే తాగుతారు, అందరూ మరుగుదొడ్డే వాడతారు. చదివితే అది సరస్సు పక్క పల్లెలా లేదు, స్వర్గంలో ఒక వీధిలా ఉంది.

పరీక్ష చేయడానికి వేరే ఊరినుంచి కామాక్షి మేడం వచ్చింది. సన్నటి మనిషి, గొంతూ సన్నమే. కట్టలోంచి ఒక ఫైలు లాగి, "ఈ ఇంటికి పోదామా షమీమ్ గారూ?" అంది. అది రాఘవమ్మ ఇల్లు. ఆమె నలుగురు బిడ్డలకూ పురుడు పోసింది నానీయే. అందుకే ధీమాగా ముందు నడిచింది. తీరా వాకిట్లోకి వచ్చాక మేడం ఆమెను గోడ చాటున ఆపేసి, తనొక్కతే లోపలికి వెళ్లింది.

"నీళ్లు కాచి తాగుతారా అమ్మా?"

"ఎవురు చెప్పినారు తల్లా? అంత తీరికెక్కడుండాది మాకు?"

"మరి సిస్టర్‌తో కాస్తామని చెప్పారంట కదా?"

"ఆయమ్మ అడిగితే అట్నే చెప్తాం. లేదంటే గంటసేపు తిడతాది! మీరు కొత్తోళ్లు, మీకు అబద్ధం చెప్పి ఏం లాభం?"

గోడ చాటున నానీ చెవులు వేడెక్కాయి. సిస్టర్ ఇచ్చిన క్లోరిన్ బిళ్లలు ఏం చేశారని మేడం అడిగింది. "ఆయమ్మ చేత్తో ఇచ్చినవి, పారేస్తామా?" అంటూ రాఘవమ్మ వాటిని దేవుడి గూట్లోంచి దించింది. మూడేళ్లనాటివి. ఒక్క అట్ట కూడా చించలేదు, పైగా కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. మరుగుదొడ్డి తలుపు తీస్తే లోపల వడ్ల మూటలు.

ఇక దాక్కుని లాభం లేదని నానీ లోపలికి వచ్చింది. రాఘవమ్మ నాలిక కరుచుకుని, "ఇప్పుడే కాచబోతా ఉండా సిస్టరమ్మా!" అంటూ గిన్నె కోసం పరిగెత్తింది.

"ఈ ఫైలు ఎప్పుడు రాశారు?" అని మేడం అడిగింది.

నానీ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంట్లో కూర్చుని రాసినా మేడం. నలభైయీ అంతే. వీళ్లు నాకు భయపడి చెప్పిందంతా నిజమనుకున్నా, ఇన్నేళ్లూ."

"మూడు రోజులు నెల్లూరులోనే ఉంటాను. తిరిగి రాసిన ఫైళ్లు నలభై తెండి. లేదంటే సున్నా వేసి పోతాను."

ఆ మూడు రోజులూ నానీ గడప గడపా తిరిగింది. ప్రశ్న అడిగితే మళ్లీ భయపడతారని ఏమీ అడగలేదు. "దాహంగా ఉంది, గ్లాసెడు నీళ్లియ్యి" అనేది. ఎక్కడినుంచి ముంచారో, గ్లాసులో వేళ్లు మునిగాయో లేదో చూసేది. తాగేది. బయటికొచ్చాక రాసుకునేది. మూడో రోజుకు కడుపు తిరగబడింది. ఫైళ్లన్నీ నా ఒళ్లో పెట్టి, తను ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ల సీసా పట్టుకుని, నెల్లూరు దారిలో కనిపించిన ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఆటో ఆపించింది.

ముప్ఫై ఒక్క ఇళ్లలో నీళ్లు కాచడం లేదని తేలింది. మేడం అన్నీ చదివి పాసు చేసింది, సరిగ్గా గీత దాటేన్ని మార్కులతో.

ఇంటికొచ్చి మంచమెక్కిన నానీని ఊరుకోలేక అడిగాను. "కాచని నీళ్లని కళ్లారా చూసినాక గ్లాసు కింద పెట్టేయొచ్చు కదా? ఇంత చదివి ఆ మాత్రం తెలివి లేదా?"

"అవి వాళ్ల బిడ్డలు రోజూ తాగే నీళ్లురా. నేను గ్లాసు కింద పెడితే ఇంకోసారి నా ముందర కడవ మూత తీస్తారా వాళ్లు? పో, మజ్జిగ తెచ్చి నోరు మూసుకో."