మా గడప, వాళ్ల ఊయల

తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సూరత్‌ దగ్గర ఉన్‌ అనే ఊళ్లో మేము అద్దెకున్న వాటాకు కిందింట్లో నిరుడు గోడలు చెమ్మగిల్లాయి. నేను రోజూ గడప కడగడం వల్లేనని కిందింటాయన అందరి ముందూ తిట్టి, కడగడం మాన్పించాడు.

"జర ఊకో, పరాయి ఊరు," అన్నాడు మిల్లులో పనిచేసే మా ఆయన. పండక్కి కూడా ముగ్గు లేదు.

చివరికి లీకేజీ కనిపెట్టేవాళ్లు వచ్చి, మా నేలకు యంత్రం ఆనించి చప్పుడు విన్నారు. అక్కడ టైల్స్ తీస్తే పైపుకు చిల్లు! కిందింటాయన ఊయల కోసం తన ఇంటి కప్పుకు దిగగొట్టించిన కొక్కెం మొన అందులోనే ఉంది.

కిందికి వెళ్లి చెబితే, "హో జాతా హై, బెహన్," ఇలాంటివి అవుతుంటాయిలే అంటూ ఊయల ఊగుతూనే నవ్వాడు.

"నా గడప నీళ్లు బంద్ చేపిస్తివి గదా? ఇగ నువ్వు దిగు!" అని అరిచాను.

ఆయనకు తెలుగు రాదు. అయినా దిగి నిలబడ్డాడు.