తుమ్మ దిమ్మెల మీద మిలటరీ జీపు

పాత మిలటరీ జీపులు కొని, ఎత్తు పెంచి, పెద్ద టైర్లు తొడిగి ఊళ్ళు తిరగాలని ఇప్పటి పిల్లలు ముచ్చటపడుతున్నారు. తిరగండి, నేనేం వద్దనను. కాకపోతే తొంభైల మొదట్లో అలాంటి జీపులో నేను చేసిన ప్రయాణం గురించి చదివి బయల్దేరండి. దుబాయిలో డ్రైవరీ చేసి వచ్చిన మా ఆయన రాజన్న, ఇక మళ్ళీ పోనని ఒట్టేసి, మిలటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న జీపొకటి కొన్నాడు. పెట్రోల్ ఇంజన్ పీకించి డీజిల్‌ది పెట్టించాడు, వెనక బల్లలు వేయించాడు. కమ్మర్‌పల్లి నుంచి ఆర్మూర్ పసుపు మార్కెట్‌కు మనుషుల్నీ మూటల్నీ తోలుకుంటే ఇక్కడే బతకొచ్చని ఆయన ఆశ. ఆ జీపు నడిస్తే మా ఆయన ఇంట్లో ఉంటాడు, లేకపోతే విమానమెక్కుతాడు. అందుకే నాకూ అది నడవాలనే ఉండేది.

పసుపు తవ్వే రోజుల్లో చేను దారుల నిండా గోతులే. జీపు పొట్ట గట్లకు తగులుతోందని దాన్ని పైకెత్తించాలనుకున్నాడు. మెకానిక్ దగ్గరికి పోయాడనుకునేరు! బండ్లు చేసే వడ్లాయన దగ్గరికి పోయాడు. మా వైపు ఎడ్లబండి ఎత్తు పెంచాలంటే ఇరుసు మీద తుమ్మ దిమ్మె పెట్టి బిగిస్తారు. అచ్చం అలాగే నాలుగు చక్రాల దగ్గరా, ఇరుసుకూ బరువు మోసే కమాన్ పట్టీలకూ మధ్య, పచ్చి తుమ్మ దిమ్మెలు దూర్చి పొడవాటి యూ బోల్టులతో బిగించారు. చాలదన్నట్టు లారీ కమాన్ పట్టీలు కూడా జోడించారు. "ఇదేందయ్యా, జీపనుకున్నవా, ఎడ్లబండనుకున్నవా?" అంటే, "తుమ్మకర్ర అంటే ఇనుమే. మా తాత బండి గిట్లనే నడిచింది, ఏం గాలే" అన్నాడు. తాత బండికి బ్రేకులు లేవన్న సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

దిమ్మెలు పెట్టిన నెలకు, ఎండలు ముదిరాక, మొదటిసారి జనంతో బయల్దేరాం. తోవ మోర్తాడ్, వేల్పూర్ మీదుగా ఆర్మూర్. బస్సులో గంట ప్రయాణం, జీపుకు బస్సు కంటే రూపాయి తక్కువ. ముందు సీట్లో నా ఒళ్ళో అయిదేళ్ళ లత. వెనక మా పక్కింటి గంగవ్వ, ఆమె పసుపు బస్తాలు, ఆర్మూర్‌కు పోయే బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఇంకో ఏడెనిమిది మంది. ఊరు దాటామో లేదో, చిన్న గుంతకే జీపు ఎగిరెగిరి పడుతోంది, మలుపు వస్తే ఒక పక్కకు ఒరిగి లేవనంటోంది. పిల్లను ఎంత గట్టిగా పట్టుకున్నానో, "అమ్మా, నొస్తుంది" అంది. "లత నాయినా, జర మెల్లగ" అంటే "నువ్వు ఊకె భయపడకు" అని విసుక్కున్నాడు.

మోర్తాడ్‌లో చాయ్ తాగడానికి ఆపాం. వేడి వేడి మిరపకాయ బజ్జీలు పెట్టినా నేను ముట్టుకోలేదు. మా జీపు వచ్చి ఆగడం చూసిన హోటలాయన గంటె పట్టుకునే బయటికొచ్చి దాన్ని వెనక నుంచి చూశాడు. "అన్నా, నీ బండి ఎండ్రికాయ లెక్క పక్కకు నడుస్తున్నదేంది?" అన్నాడు. "లోడున్నది గదా" అని మా ఆయన నవ్వేశాడు. నేను మాత్రం దిగి బస్సెక్కుదామా అనుకున్నాను. అందరి ముందూ మొగుడి పరువు తీయడమెందుకని మళ్ళీ ఎక్కి కూర్చున్నాను.

వేల్పూర్ ఇంకా రాకముందే, దిగుడులో కాలవ మీది మోరీ దగ్గర బర్రెలు రోడ్డుకు అడ్డం వచ్చాయి. బ్రేకు తొక్కాడు. కింద ఫట్‌మని ఏదో పగిలిన చప్పుడు. ఆయన స్టీరింగ్ ఎడమకు తిప్పుతున్నాడు, జీపు కుడికి, మోరీ గోడ మీదికి పోతోంది. వెనక ఆడవాళ్ళ కేకలు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి, కేక కూడా రాలేదు. పిల్ల మీద వంగి కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ముందు చక్రం గోడను ఒరుసుకుని ఆగి ఉంది. అవతల కాలవ, దాని నిండా రాళ్ళు.

మా ఆయన కిందికి దూరి చూసి లేచాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎండకు పచ్చి దిమ్మెలు ఎండి కుంచించుకుపోయాయి, బోల్టులు వదులయ్యాయి, ఒక దిమ్మె నిలువునా చీలింది, ఇరుసు వెనక్కి జరిగింది. బర్రెలు తోలుకొచ్చినవాళ్ళ సాయంతో జాకీ పెట్టి, ఇరుసును గునపంతో జరిపి, చీలిన దిమ్మెకు తీగ చుట్టి, బోల్టులు మళ్ళీ బిగించాడు. "అయిపోయింది, ఎక్కుండ్రి. ఏం గాదు" అన్నాడు. పసుపు వేలం దాటిపోతుందని గంగవ్వ ముందుగా ఎక్కింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ ఎక్కారు. నేను లతను ఆయన చేతికిచ్చాను. సీట్లో కూర్చోబెట్టబోయినవాడు అలాగే ఆగిపోయాడు. పిల్లను మళ్ళీ ఎత్తుకున్నాడు. "నువ్వు, బిడ్డ బస్సుల రాండ్రి" అన్నాడు నా వైపు చూడకుండా.

లోపలి నుంచి గంగవ్వ అంది: "రాజన్నా, నీ బిడ్డను దింపుకుంటివి. మరి మేమెవరి బిడ్డలం?"

ఆయన పిల్లను నాకిచ్చి, వెనక తలుపు తీసి, "దిగుండ్రి అవ్వా. అందరు దిగుండ్రి" అన్నాడు. మెట్‌పల్లి నుంచి వచ్చే బస్సుకు తానే రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తాడు, బస్తాలు తానే పైకెక్కించాడు. ఖాళీ జీపును నడక వేగంతో తోలుకుంటూ ఒక్కడే వెనక వచ్చాడు. బస్సు వెనక అద్దంలోంచి అది చిన్నదై కనిపించకుండా పోయేదాకా చూశాను. ఆర్మూర్ మెకానిక్ షెడ్డు ముందు దాన్ని మళ్ళీ చూసేదాకా నాకు ఊపిరి ఆడలేదు.

దిమ్మెలు, లారీ పట్టీలు తీయించాక ఆ జీపు బాగానే నడిచింది, కానీ ఆరుగురికి మించి ఎక్కించేవాడు కాదు. ఆరుగురితో ఇల్లు గడవలేదు. మరుసటి ఏడు దుబాయి పోయాడు. నేను ఏడ్చాను. అయినా గునపం పట్టుకున్న ఆ చేతులతో మళ్ళీ పదిమందిని ఎక్కించుకో అని నోరు తెరిచి అనలేకపోయాను. మీరు కొనే జీపు కిందికి ఒకసారి దూరి చూడండి. ఇరుసుకూ కమాన్ పట్టీలకూ మధ్య చెక్క కనిపిస్తే, అమ్మేవాడు ఎన్ని కబుర్లు చెప్పినా, అది తీయించి కొత్త యూ బోల్టులు వేయించాకే తాళం తిప్పండి. అంతవరకూ మీ బిడ్డనే కాదు, ఎవరి బిడ్డనూ ఎక్కించుకోకండి.