కొండపల్లి కోటలో నేను మసీదనుకున్న గది

నందిగామ హైస్కూల్లో సోషల్ చెప్పే నేను పదకొండేళ్లుగా పిల్లలకు ఒక ఫొటో చూపిస్తున్నాను. కొండపల్లి కోటలో మూడు కమాన్లున్న, కప్పు కూలిన గది. "ఇది సుల్తానుల కాలం మసీదు" అని చెబుతాను. మొన్న బుధవారం తొమ్మిదో తరగతి రేష్మా చెయ్యెత్తి, "మేడం, మా తాతయ్య అది మసీదులా లేదంటున్నారండి. నమాజు గూడు పడమటి గోడకుందా అని అడగమన్నారు" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "పుస్తకంలో ఉన్నదే చెబుతాను, కూర్చో" అన్నాను. ఇంటికొచ్చి పుస్తకాలన్నీ తిరగేస్తే ఎందులోనూ లేదు. ఎవరు చెప్పగా విన్నానో గుర్తే లేదు. పాఠానికి నాలుగుసార్లు చెయ్యెత్తే ఆ పిల్ల గురు, శుక్రవారాల్లో ఒక్కసారీ ఎత్తలేదు. సిగ్గేసింది. రెండో శనివారం సెలవు కదా అని బయల్దేరాను.

ఎనిమిదిన్నరకు బస్సెక్కితే గంటలో ఇబ్రహీంపట్నం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. అక్కణ్ణుంచి ఆటో. "పైదాకా తీసుకెళ్లి మళ్లీ దింపితే నాలుగొందలండి. ఎండ్లో ఎక్కువసేపు ఆగలేనండి" అన్నాడు డ్రైవర్. "ఒక్క గది చూసి వచ్చేస్తా" అన్నాను. ఆ ఒక్క గదికి రెండు గంటలు పట్టింది.

పైన ఉన్నది కోటా, ఖాళీ చేసి వెళ్లిపోయిన ఊరా అన్నది తేలలేదు. మహలు, జైలు, ఏనుగుల శాల, గడ్డి మొలిచిన గోడలు. రెడ్డిరాజులు కట్టారంటారు, బహమనీలు ఏలారంటారు, గోల్కొండ వాళ్లు మార్చారంటారు. ఏ రాయి ఎవరిదో చెప్పడానికి నా డిగ్రీలేవీ పనికి రాలేదు. ఒక గోడ సుల్తానులది అని రాసుకుని, పది అడుగులు వేసి కొట్టేశాను. గుమ్మాలు చూస్తే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వచ్చిన దారికే మూడుసార్లు తిరిగొచ్చాను.

చివరికి మూడు కమాన్లూ కనబడ్డాయి. చర్చిలో అలవాటు కొద్దీ చెప్పులు బయట విడిచి, కొంగు తలమీద కప్పుకుని లోపలికి వెళ్లాను. ఒక గోడకు గూడు ఉంది! ప్రాణం లేచొచ్చింది. కానీ అది పడమరేనా? సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు. ఫోన్లో దిక్సూచి చూస్తే ముల్లు ఒకచోట నిలవడం లేదు. ఏమీ తోచక కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాను.

"ముళ్లల్లో చెప్పుల్లేకుండా నిలబడ్డారేందమ్మా?"

పేరు మస్తాన్‌బీ అట, కోటలోనే ఉన్న దర్గా దగ్గర ఊడుస్తుందట. చేతిలో చీపురుంది. మసీదు కదా అన్నాను.

"మసీదా! గుర్రాల దాణా పోసేవాళ్లని మా అత్త చెప్పేదమ్మా. నిజమో కాదో నాకూ తెలీదు. అది దీపం పెట్టుకునే గూడు, దక్షిణపు గోడకుంది. నమాజు గూడైతే పడమటేపు ఉండాలిగా" అని నవ్వి, నా చెప్పులు తెచ్చిచ్చింది. దాణా కొట్లో కొంగు కప్పుకుని ప్రార్థించిన సోషల్ టీచర్‌ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

దిగొస్తుంటే బుర్ర ఇంకా గజిబిజిగానే ఉంది. మసీదు కాదని తేలింది, ఏమిటో మాత్రం తేలలేదు. ఇన్నేళ్లలో నా మాట నమ్మి పరీక్షల్లో రాసిన పిల్లలందరూ గుర్తొచ్చారు. వాళ్లకు ఎలా చెప్పను?

సోమవారం క్లాసులో జరిగిందంతా చెప్పాను, దాణా కొట్టుతో సహా. "మీ తాతయ్య అన్నదే నిజం రేష్మా. నిన్ను కసరడం నా తప్పు. మరి ఆ గది ఏమిటంటే, నాకు తెలీదమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. రేష్మా నవ్వలేదు. మెల్లగా చెయ్యెత్తింది.

"మేడం, నడినెత్తి ఎండలో అది దక్షిణమని మీకెలా తెలిసిందండి? ఆమె చెప్తే నమ్మేశారా?"

అవును, నమ్మేశాను. అదే చెప్పాను.

"పదింటికి గేటు తియ్యగానే అక్కడికే వెళ్లాలండి. నీడలు పడమటేపు పడతాయి."

కొండపల్లి వెళ్లేవాళ్లకు నేనిచ్చే సలహా కూడా ఇదే. వచ్చే రెండో శనివారం పొద్దున్నే మళ్లీ వెళ్తున్నాను. ఈసారి రేష్మాను, వాళ్ల తాతయ్యను వెంటబెట్టుకుని.