తెల్లగోడల మధ్య నిద్ర

గని కప్పు కూలి మా ఆయన ఒక పూటంతా చీకట్లో ఇరుక్కుపోయిన ఏడాది అది. కాలి ఎముక అతుక్కుంది గానీ, గదిలో నిద్ర పట్టేది కాదు. కళ్ళు మూస్తే కప్పు కిందికి దిగుతున్నట్టు ఉంటుందనేవాడు. గోదావరిఖనిలో మా పెంకుటింటి ముందు, వాకిట్లో మంచం మీద కూర్చునే తెల్లవారేది ఆయనకు.

నడుము నొప్పి కూడా తగ్గకపోవడంతో రామగుండంలో రైలెక్కి హైదరాబాదు పెద్ద దవాఖానకు వెళ్ళాం. మధ్యాహ్నం రమ్మన్నారు. బయటికొచ్చేసరికి వాన. ఎదురుగా కొత్తగా కట్టిన భవనంలోకి పరుగెత్తాం. అది బొమ్మల మ్యూజియమని లోపలికి వెళ్ళాకే తెలిసింది.

అలాంటి గదిని నేనెప్పుడూ చూడలేదు. అన్నీ తెల్లగోడలే. ఒక్కో గోడకు ఒక్కటే బొమ్మ. ఎత్తున, కప్పులో పొడవాటి అద్దాలు. వాటి మీద వాననీళ్ళు జారుతుంటే, ఆ కదలిక నేల మీద పల్చని నీడలా పారుతోంది. చెరువు అడుగున నడుస్తున్నట్టు అనిపించింది నాకు. ఒక బొమ్మలో లేత నీలం రంగు తప్ప ఏమీ లేదు. దాని ముందున్న బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం.

"గింత పెద్ద గదిల ఏం పెట్టలేదేంది?" అన్నాడాయన మెల్లగా.

"పెట్టేటందుకు ఏం దొరకలేదేమో."

నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. తల వెనక్కి వాల్చి, "గా కప్పు చూడు, బరువే లేనట్టున్నది" అన్నాడు.

కాసేపటికి ఆయన తల నా భుజం మీద వాలింది. ఊపిరి నిదానంగా సాగుతోంది. నేను కదల్లేదు. గడ్డం నెరిసిన కాపలా ఆయన మా వైపు రావడం చూసి లేపబోయాను. కాపలా ఆయనే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"పండనియ్ బేటీ. ఈడ పండొద్దని రూలుంది. నేను అటుదిక్కు పోతున్న, సూడలేదనుకో."

వాన ఎప్పుడు ఆగిందో తెలియదు. నేల మీద నీడ పోయి ఎండ పరుచుకుంది. దవాఖానకు ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నాం.

ఇంటికి రాగానే ఆయన గోడలకున్న క్యాలెండర్లు, దండెం, మేకులు అన్నీ పీకేశాడు. రెండుసార్లు సున్నం కొట్టాడు. నడిమి గదిలో నాలుగు పెంకులు తీసి అద్దం పెంకులు వేశాడు. మా అత్తమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఏంది కొడుకా, ఇల్లు ఖాళీ చేస్తున్నవా?"

"లేదవ్వా, ఉందామనే చేస్తున్న."

పనంతా అయిన మధ్యాహ్నం చాప పరుచుకుని, వెలుగు పడే చోట నిద్రపోయాడు. అత్తమ్మ కోళ్ళను దూరంగా తోలింది. కొన్నాళ్ళకు రాత్రులు కూడా లోపలే పడుకోవడం మొదలుపెట్టాడు. గనిలోకి మాత్రం మళ్ళీ దిగలేదు. పైన, గనిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలిచ్చే గదిలో పని అడిగి తీసుకున్నాడు.

బొగ్గు దుమ్ముకు ఆ గోడలు ఎన్నాళ్ళో తెల్లగా ఉండేవి కావు. మళ్ళీ మళ్ళీ సున్నం కొట్టేవాళ్ళం. పక్కిళ్ళ ఆడవాళ్ళు పొద్దెక్కాక వచ్చి ఆ గదిలో కూర్చునేవారు. బయట గట్టిగా మాట్లాడేవాళ్ళు కూడా అక్కడ ఎందుకో గొంతు తగ్గించేవారు.