పురుగును దాచింది నువ్వే

పచ్చి పత్తికాయను గోటితో చీలిస్తే జిగటగా, పసరుగా ఒక వాసన వస్తుంది. మొన్న క్రోసూరు నుంచి వస్తున్న బస్సులో పక్క సీటు రైతు జేబులోంచి కాయ తీసి, చీల్చి, లోపల పురుగుందేమోనని చూస్తున్నాడు. ఆ వాసన తగలగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడ్డాను, సీటు ఇంకెవరో పట్టేసుకున్నారు. రజియా మేడం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఇంతే. ఒకచోట ఉండలేను.

నరసరావుపేటలో నా పిహెచ్‌డీకి ఆవిడ గైడు. లారీ మెకానిక్ కూతురు, ఫిజిక్స్ ప్రొఫెసరు. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, "గురజాల పిల్లవా? మీ వాళ్లకి మొండితనం చానా ఎక్కువ. పనికొస్తది, కూర్చో" అన్నారు. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఫ్లాస్కులో టీ తెచ్చుకునేవారు. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే పోసుకుని తాగేవారు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా "తాగుతావా" అనలేదు. చిన్న విషయమే అంటారు. నాకు కాదు.

నా పని గులాబీ రంగు పురుగు గురించి. అది పత్తికాయలో దూరి లోపలే తింటుంది, పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. కాయను కోయకుండా ఎక్స్‌రేతో ఆ పురుగును పట్టుకోగలమా అన్నది మా ప్రశ్న. ముందు అంతా కంప్యూటర్లోనే. కంప్యూటర్లో ఒక కాయను తయారుచేసి, గింజలు పేర్చి, మధ్యలో పురుగును పెట్టి, దానిగుండా కిరణాలు పంపితే బొమ్మ ఎలా వస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాము రాశాను. ఆ బొమ్మలో పురుగెక్కడుందో వెతికే ప్రోగ్రాము ఇంకొకటి రాశాను. మూడేళ్లు పట్టింది. ప్రతిసారీ పురుగు దొరికేది. మేడం బొమ్మలు చూసి తలూపేవారు. ఆవిడ తలూపడమంటే మాకు పండగే.

థీసిస్ ఇచ్చేముందు డిపార్ట్‌మెంటు అందరి ముందూ పని చూపించాలి. ఆ రోజు గది నిండా జనం. నేను బొమ్మ తర్వాత బొమ్మ వేస్తున్నాను. సగంలో మేడం చెయ్యెత్తారు.

"ఆగు. బొమ్మ తయారుచేసే ప్రోగ్రాములో కాయ కొలతలెక్కడివి?"

"నేనే అనుకుని పెట్టినవి మేడం."

"వెతికే దాంట్లో?"

"అవే."

ఆవిడ గట్టిగా, "ఏందే ఇది? పురుగును దాచింది నువ్వే, వెతికిందీ నువ్వే. దొరక్కపోతేనే వింత!" అన్నారు.

గది గదంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు శ్రీనివాస్, నా పక్క టేబుల్ దగ్గర పనిచేసేవాడు. థీసిస్ ఆగిపోయింది. మేడం నాకు చెప్పింది ఒకటే మాట: "పొలానికి పో. నిజం కాయలు తీసుకురా. దొరికితే రేపే థీసిస్ ఇచ్చెయ్."

క్రోసూరులో మా చిన్నాన్న చేలో కాయలు కోస్తుంటే ఆయన గట్టుమీద కూర్చుని నన్ను ఆటపట్టించాడు. "ఏందమ్మాయ్, పురుక్కి ఎక్స్‌రేనా? దానికేమన్నా కాలిరిగిందా?" అక్కడున్న కూలోళ్లు కూడా నవ్వారు. ఆ నెలలో నన్ను చూసి నవ్వనిది ఎవరో చెప్పండి.

ఒక పశువుల డాక్టరు దగ్గర చిన్న మిషను ఉంటే, మేడం ఆయన్ను అడిగి ఒప్పించారు. కాయలకు ఎక్స్‌రే తీసి నా ప్రోగ్రాముకు ఇచ్చాను. అది గింజను పురుగంది. పురుగును గింజంది. తర్వాత కాయలు చీల్చి చూస్తే ఒక్కటీ సరిపోలేదు. నా కంప్యూటర్ కాయలో గింజలన్నీ గుండ్రంగా, ఒకే సైజులో ఉన్నాయి, కిరణాలు చెదరకుండా తిన్నగా పోయాయి. వెతికే ప్రోగ్రాముకు తెలిసిన లోకమూ అదే. చేలో కాయ అలా లేదు.

ఆ బొమ్మలు పట్టుకుని నేరుగా మేడం గదిలోకి వెళ్లాను. "మీకు ముందే తెలుసు కదా? మూడేళ్లు ఎందుకు ఊరుకున్నారు?" అని అరిచాను.

ఆవిడ లేచి తలుపు వేసి వచ్చారు. "నాకూ తెలవదే. నీ బొమ్మలు అంత బాగుంటే నేనూ మురిసిపోయా. ఆరోజు నువ్వు చెప్తుంటే అప్పుడు తట్టింది."

"మరి ఆ మాట అక్కడే అనాల్సింది."

అవమానం అందరి ముందు, ఒప్పుకోలు తలుపేసుకుని. నాకు ఇంకా మండింది. "థీసిస్‌లో ఈ తప్పుకు ఒక అధ్యాయం రాస్తాను. గైడు కూడా గమనించలేదని రాస్తాను" అన్నాను.

"రాయి. రాసి నాకే చూపించు, కామాలు నేను దిద్దుతా."

రాశాను. నిజంగానే కామాలు మాత్రమే దిద్దారు. కాయల్ని నిజం కాయల్లా వంకరటింకరగా చేయడానికి ఇంకా రెండేళ్లు పోయాయి. ఈసారి పురుగును దాచే పని మేడం ఇంకొకరికి అప్పగించారు, ఎక్కడ దాచారో నాకు చెప్పకూడదని షరతు. చివరికి పురుగు దొరికింది, అన్నిసార్లూ కాదు. థీసిస్ మీద ప్రశ్నలడగడానికి బయటినుంచి వచ్చిన పెద్దాయన ఆ అధ్యాయం తిప్పుతూ, "ఈ పొరపాటు ఎవరిది?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వెనక కుర్చీలోంచి మేడం, "ఇద్దరిదీ సార్. ఎక్కువ నాది" అన్నారు. గదిలో నలుగురం ఉన్నాం. నవ్విన వాళ్లలో ఒక్కరూ లేరు. చూశారా, నా రాత!

పోయినేడు మేడం చనిపోయారు. సంతాప సభలో శ్రీనివాస్, ఇప్పుడు ఆ డిపార్ట్‌మెంటుకు హెడ్డు, మేడం పటం ముందు మైకు పట్టుకుని "మేడం జీవితంలో పొరపాటు చేసి ఎరగరు" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "చేశారు. చేశానని చెప్పారు కూడా. నా థీసిస్‌లో ఉంది" అన్నాను. ఎవరో నా చెయ్యి పట్టి లాగి, "కూర్చోండమ్మా, ఇది సందర్భమా?" అన్నారు. కూర్చోలేదు.

ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లలు తళతళలాడే బొమ్మ తెస్తే కుర్చీలోంచి లేస్తాను, అటూ ఇటూ తిరుగుతాను, ఎవరు దాచారు, ఎవరు వెతికారు అని అడుగుతాను. వాళ్లు విసుక్కుంటారు. ఆవిడ మీద నా కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. ఆ కోపం నాది, నేను చూసుకుంటాను. కానీ ఆవిడ నోరారా ఒప్పుకున్న పొరపాటును పటం ముందు నిలబడి చెరిపేయడానికి ఆ సభలోవాళ్లెవరు?